చౌడర్ ఇంకా రాలేదు

విడిపోయే కాగితాలు సంచిలో పెట్టుకుని
ఆరున్నరకి వెళ్ళాం, నేనూ ఎల్డనూ,
యార్మత్ రేవు పక్క కాడ్ ఎండ్ బారుకి.
ఆ పేరు పెట్టినవాడు గడుసువాడే.
వల చివరి సంచిని అలా అంటారు,
అందులోకి జారిన చేప
ఇంక వెనక్కి రాదు.

రమ్మన్నవాళ్ళు లేరు, కూర్చోమన్నవాళ్ళు లేరు.
మేమే కూర్చున్నాం,
ముందు తిన్నవాళ్ళ కెచప్ మరక ముందు,
ఒక కాలు పొట్టిదైన బల్ల దగ్గర.
ఎల్డన్ బీరు గ్లాసు కిందపెట్టే అట్టని
రెండు మడతలు పెట్టి కాలికింద దోపాడు.
పద్దెనిమిదేళ్ళు మా ఇంట్లో
ఊగే ప్రతిదానికీ అదే వైద్యం.

ఏడవుతుండగా ఒక కుర్రాడొచ్చాడు.
చొక్కా మీద కోల్బీ అని ఉంది.
మా తలల మీదుగా టీవీలో హాకీ చూస్తూ
రాసుకోకుండానే విన్నాడు:
రెండు చౌడర్లు, ఒక హాడక్ వేపుడు,
నాకు జిన్, అతనికి నల్లబీరు.
ఒకసారి తిరిగి చెప్పు బాబూ అంటే
"గుర్తుంటుంది" అన్నాడు.
అంత ధీమా నేను ఇదివరకు ఒక్కసారే విన్నాను,
చర్చిలో.

ఏడుంబావుకి బీరొచ్చింది.
ఒకటే. నల్లది కాదు, నిమ్మ వాసన.
ఇది మాది కాదు అనేలోపు
కుర్రాడు పొగమంచులో పడవ.

మేం మాట్లాడుకోవడానికి రాలేదు.
సంతకాలు పెట్టి, ఏదో వేడిగా తాగి,
రెండు ట్రక్కుల్లో పోదామని వచ్చాం.
చౌడర్‌కి ఎంతసేపు పడుతుందని?
అంతవరకే సరిపడా మాటలు తెచ్చుకున్నాం.
వాన అయిపోయింది.
లాబ్‌స్టర్ ధర అయిపోయింది.
వాళ్ళక్క మోకాలు కూడా అయిపోయింది.
కుక్క ఎవరిదో లాయరు ముందే తేల్చేసింది.

బార్ వెనక లార్నా.
రెండుసార్లు చెయ్యెత్తాను.
రెండుసార్లూ గ్లాసుని వెలుతురుకి ఎత్తి
అందులోంచి నన్ను చూసి
నేనూ ఒక మరకనే అన్నట్టు
మళ్ళీ తుడిచింది.
మా తర్వాత వచ్చిన ఐదుగురు
మూతులు తుడుచుకుని లేస్తున్నారు.

అప్పుడు లేచాడు ఎల్డన్.
బ్యాంకువాళ్ళు పడవ లాక్కుపోతే పోనీలే,
మా అమ్మ నోటికొచ్చినట్టంటే పోనీలే,
నేను వెళ్ళిపోతానన్న రాత్రి కూడా
గోడవైపు తిరిగి పోనీలే.
ఆ మనిషి
బార్ చెక్క మీద అరచేయి చరిచి
"మా ఆవిడ గంటన్నర నుంచి ఆకలితో ఉంది!"

మా ఆవిడ అన్నాడు.
సంచిలో కాగితాలు విన్నాయో లేదో.

లార్నా గ్లాసు దించకుండానే చెప్పింది,
"వంటగది ఎనిమిదికి కట్టేశాం."
గడియారంలో ఎనిమిదీ రెండు.

తిరిగొచ్చి కూర్చున్నాడు, చెవులు ఎర్రగా.
నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది.
నాలుగేళ్ళలో మొదటిసారి
ఇద్దరి కోపం ఒకే దిక్కుకి తిరిగింది.
కుర్రాణ్ణి తిట్టుకున్నాం, లార్నాని, ఆ బల్లని,
నిమ్మ బీరుని చెరో గుక్కా తాగుతూ మరీ
ఆ బీరునే తిట్టుకున్నాం.

లేదు, మీరనుకునేది జరగలేదు.
కాగితాలు తీశాం.
సాక్షి సంతకం కావాలని లాయరు చెప్పింది కదా,
కోల్బీని పిలిచాం.
చదవలేదు, మా మొహాలు చూడలేదు,
హాకీ ఆఖరి నిమిషాలు,
వేలు పెట్టిన చోట గీకి పోయాడు.
ఆ రాత్రి అడగ్గానే అందింది అదొక్కటే.
కెచప్ మూడో పేజీ అంచుకి అంటుకుంది.

బిల్లులో చౌడర్లున్నాయి, హాడక్ ఉంది, జిన్ ఉంది.
ఎల్డన్ చెయ్యి పర్సు మీదికి వెళ్ళింది.
"పోనీలే అన్నావంటే చంపుతా" అన్నాను.
బీరు డబ్బులు చిల్లరగా లెక్కపెట్టి
తడి బల్ల మీద వరసగా పేర్చాం,
సగం నావి, సగం అతనివి.

లేచే ముందు వంగి
కాలికింద అట్ట లాగేసి జేబులో వేసుకున్నాడు.
బల్ల ఒరిగింది, నాణేలు జారి దొర్లాయి.
"అట్ట వాళ్ళది కదా?" అన్నాను.
"మడతలు నావి."

రెండు ట్రక్కులూ వంతెన దాకా
ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి.
తర్వాత నేను ఇంటికెళ్ళి
నిలబడే, గిన్నెలోంచే,
చల్లటి బంగాళాదుంపలు తిన్నాను.